గోడకు అటూ ఇటూ ఒకటే బిడ్డ

(శిశు విద్య, సంరక్షణ రంగంలో పనిచేసేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న పని. ఒకే బిడ్డ కోసం ఒకే ఏడాదిలో రెండు శాఖలకి అవే వివరాలు రెండుసార్లు రాసి ఇచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. తల్లిగానో తండ్రిగానో ఇచ్చినా సరే, కేంద్రం నడిపేవాళ్ళుగా ఇచ్చినా సరే. అలాగే ఉంచండి. ముందు వరసల్లో వాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. దాదాపు హాలంతా లేచింది. ఇవాళ నేను మాట్లాడేది ఈ చేతుల గురించే. పిల్లల చిన్నతనానికి సంబంధించిన పనులన్నీ, అంటే క్రెష్, డే కేర్, నర్సరీ, ప్రీస్కూలు, ఇవన్నీ ఒక్క విద్యాశాఖ కిందికే తేవాలా? తెస్తే ఎలా తేవాలి?

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కేంద్రంలో చేరాను. ఒకే కప్పు కింద రెండు గదులు, మధ్యలో ఒక తలుపు. ఇటు గది ప్రీస్కూలు, విద్యాశాఖది. అటు గది డే కేర్, సంక్షేమ శాఖది. పొద్దున ఇటు గదిలో ఉన్న పిల్లలు పన్నెండున్నరకి ఆ తలుపు దాటి అటు వెళ్ళేవాళ్ళు. నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్లో బిడ్డకి పేరు మారిపోయేది. ఇటు రిజిస్టరులో ‘విద్యార్థి’, అటు రిజిస్టరులో ‘లబ్ధిదారు’. ఇటు గదిలో ఆవిడ టీచరు, అటు గదిలో ఆవిడ ఆయా. ఈవిడకి సెలవుల్లో కూడా జీతం వచ్చేది. ఆవిడకి పనిచేసిన గంటలకే డబ్బులు.

తనిఖీకి కూడా రెండు బృందాలు. ఒకరు వచ్చి, ఏదైనా ప్రమాదం జరిగితే పిల్లలు బయటపడాలి కాబట్టి ఆ తలుపు ఎప్పుడూ తీసి ఉంచాలని రాసి వెళ్ళారు. నెల తిరక్కుండా ఇంకొకరు వచ్చి, ఇవి రెండు లైసెన్సులు, రెండు సంస్థలు, కాబట్టి తలుపుకి తాళం ఉండాలన్నారు. ఎవరి చేతిలో వాళ్ళ రూల్స్ ఉన్నాయి. రెండూ సంతకం పెట్టిన కాగితాలే. ఏది పాటించాలి?

అక్కడ మూడేళ్ళ పాప ఒకతి ఉండేది. ఆ పాపకి తమ్ముడు పుట్టాడు. ఆ సంగతి వాళ్ళమ్మ పొద్దున టీచరుకి చెప్పింది. టీచరు ఆ పాపని పక్కనే కూర్చోబెట్టుకునేది, బొమ్మకి పాలు పట్టించే ఆట ఆడించేది. పొద్దున గదిలో పాప బాగానే ఉండేది. మధ్యాహ్నం అటు గదిలో పక్క పిల్లల్ని కొరికేది. ఆయాకి సంగతి తెలీదు. డైరీలో ‘మొండి’ అని రాసింది. రెండు వారాలు అదే మాట రాసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదండీ, చాలా ఓపిక ఉన్న మనిషి. కానీ తలుపు ఇవతల తెలిసిన సంగతి అవతలికి చేరడానికి కాగితం లేదు, టైము లేదు, కలిసి కూర్చునే అలవాటు లేదు. బిడ్డ ఒక్కతే. ఆ బిడ్డ గురించి తెలిసింది మాత్రం రెండు ముక్కలైంది.

ఈ గోడ ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరో కావాలని కట్టింది కాదు. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రోబెల్ అనే విద్యావేత్త చిన్నపిల్లల కోసం ఒక చోటు మొదలుపెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అని పేరు పెట్టాడు. పిల్లలు ఆటలో ఎదగాలి అన్నది అక్కడి ఆలోచన. నాలుగేళ్ళ తర్వాత, 1844లో, పారిస్‌లో మార్బో అనే ఆయన పనికి వెళ్ళే పేద తల్లుల పసిబిడ్డల కోసం క్రెష్ తెరిచాడు. తల్లి పనికి వెళ్ళాలి, బిడ్డ ప్రాణంతో ఉండాలి అన్నది అక్కడి ఆలోచన. రెండూ మంచి ఆలోచనలే. కానీ మొదటిదాన్ని చాలా దేశాలు చదువు అనుకున్నాయి, రెండోదాన్ని సాయం అనుకున్నాయి. తర్వాత ప్రభుత్వ శాఖలు ఏర్పడినప్పుడు ఒకటి బడి వైపు, ఇంకొకటి ఆరోగ్యం, సంక్షేమం వైపు వెళ్ళిపోయాయి. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆ గీత కళ్ళకి కనిపిస్తుంది. మూడేళ్ళు నిండితే ఎకోల్ మాతెర్నెల్, అది 1881 నుంచి బడి వ్యవస్థలో భాగం. మూడేళ్ళ లోపైతే క్రెష్, అది వేరే దారి. మూడో పుట్టినరోజు నాడు బిడ్డలో ఏం మారిపోతుంది? మీరు చెప్పండి. పుట్టినరోజుకి ముందు రోజు ఆ బిడ్డ నేర్చుకోవడం లేదా? మర్నాటి నుంచి ఆ బిడ్డకి సంరక్షణ అక్కర్లేదా?

విద్యాశాఖ కిందికి తేవాలని నేను ఎందుకంటున్నానో చెప్తాను. ఫైళ్ళు తగ్గుతాయని కాదు, ఖర్చు కలిసొస్తుందని కాదు. ఆ మాట చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని లేదు. సరిగ్గా చేస్తే ఖర్చు పెరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పడం నయం.

అసలు కారణం వేరే ఉంది. గడపలో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న మారుతుంది. సంక్షేమ శాఖ గడపలో మొదటి ప్రశ్న ఏమిటి? ‘మీకు ఇది ఎందుకు కావాలి?’ పని ఉందా, ఎన్ని గంటలు, ఆదాయం ఎంత, రుజువు ఏది. బడి గడపలో మొదటి ప్రశ్న ఏమిటి? ‘బిడ్డకి ఎన్నేళ్ళు?’ అంతే. మొదటి ప్రశ్న అమ్మ గురించి, రెండోది బిడ్డ గురించి. మొదటి పద్ధతిలో అమ్మ ఉద్యోగం పోతే బిడ్డ సీటు పోతుంది. అంటే ఇంట్లో టెన్షన్ అన్నిటికంటే ఎక్కువున్న నెలలోనే బిడ్డకి అలవాటైన మనుషులు, అలవాటైన గది కూడా పోతాయి. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలో క్రెష్‌నీ ప్రీస్కూలునీ బిడ్డ చదువు హక్కు కిందే రాసింది. 1996 చట్టంలో వాటిని కలిపి మౌలిక విద్యలో తొలి మెట్టుగా పెట్టింది. అమలులో లోటుపాట్లు లేవని నేననను. కానీ ఆ మాట చట్టంలో ఉంటే తల్లి అడిగే పద్ధతి మారుతుంది. దయ చూపమని అడగదు, నా బిడ్డ సీటు ఏదని అడుగుతుంది.

న్యూజిలాండ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ దారిలో ముందు నడిచిన దేశాల్లో అదొకటి. అక్కడ కిండర్‌గార్టెన్లు విద్యాశాఖ కింద, డే కేర్ కేంద్రాలు సాంఘిక సంక్షేమ శాఖ కింద ఉండేవి. మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు ఏళ్ళ తరబడి అడిగాయి. చివరికి 1986లో డే కేర్‌ని విద్యాశాఖకి మార్చారు. అయితే ఇక్కడ నేను మిమ్మల్ని గమనించమనేది ఆ ఉత్తర్వుని కాదు, ఆ తర్వాతి పనిని. 1988 నుంచి కిండర్‌గార్టెన్ వాళ్ళకీ డే కేర్ వాళ్ళకీ కలిపి మూడేళ్ళ శిక్షణ మొదలుపెట్టారు. పసిబిడ్డని చూసుకునేవాళ్ళూ, నాలుగేళ్ళ బిడ్డతో పనిచేసేవాళ్ళూ ఒకే తరగతిలో కూర్చుని చదువుకున్నారు. అక్కడి మూలవాసులైన మావోరీల భాషలో నడిచే కొహంగ రెయో, అంటే ‘భాషా గూళ్ళు’ అనే పసిపిల్లల కేంద్రాలు, అవి కూడా మావోరీ వ్యవహారాల శాఖ నుంచి 1990లో విద్యాశాఖ వైపు వచ్చాయి.

ఆ తర్వాత 1996లో పుట్టుక నుంచి బడిలో చేరేదాకా అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక వచ్చింది. దాని పేరు తే ఫారికి. అంటే మావోరీలో చాప, అల్లిన చాప. ఎంత మంచి పేరో చూడండి. అందరూ కూర్చోగలిగే చాప. అందులో గణితం, భాష, సైన్సు అని సబ్జెక్టులు లేవు. అల్లికలో పోగుల్లాగా ఐదు అంశాలున్నాయి: క్షేమం, నా వాళ్ళు నా చోటు అనే భావన, తన వంతు ఇవ్వడం, చెప్పుకోవడం, వెతుక్కోవడం. ఇది ఏడు నెలల బిడ్డకీ సరిపోతుంది, నాలుగున్నరేళ్ళ బిడ్డకీ సరిపోతుంది. బడి సిలబస్‌ని కిందికి లాగి కత్తిరిస్తే ఇలాంటిది రాదు. చిన్నపిల్లల దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి రాసుకుంటే వస్తుంది.

మరి అక్కడ అంతా సర్దుకుందా? లేదు. జీతాల తేడా మిగిలిపోయింది. కిండర్‌గార్టెన్ టీచర్లకి ప్రాథమిక పాఠశాల టీచర్లతో సమానంగా జీతం ముందు వచ్చింది. అదే చదువు చదివి డే కేర్‌లో పనిచేసేవాళ్ళ సమాన జీతం పోరాటం 2020 దాటాక కూడా సాగుతూనే ఉంది. శాఖ మారిన మూడున్నర దశాబ్దాల తర్వాత! ఈ అంకెని దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను మళ్ళీ ఇక్కడికే వస్తాను.

స్వీడన్‌లో 1996లో బాధ్యత ఆరోగ్య, సామాజిక వ్యవహారాల నుంచి విద్యాశాఖకి వచ్చింది. 1998లో ప్రీస్కూలుకి జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. అక్కడ ఏడాది నిండిన బిడ్డ నుంచి ఐదేళ్ళ బిడ్డ దాకా ఒకే రకం సంస్థ, మూడేళ్ళ దగ్గర గీత లేదు. 2002లో ఫీజుకి పరిమితి పెట్టారు. మొదటి బిడ్డకి ఇంటి ఆదాయంలో 3 శాతం, రెండో బిడ్డకి 2, మూడో బిడ్డకి 1, దానికీ మళ్ళీ ఒక గరిష్ఠ మొత్తం. ఇది చాలామందికి తెలుసు. అంతగా తెలియని ఇంకో మార్పు ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది అదే. 2001లో, తల్లిదండ్రులకి ఉద్యోగం లేని పిల్లలకి కూడా సీటు హక్కు ఇచ్చారు. 2002లో, కొత్త బిడ్డ పుట్టి అమ్మో నాన్నో సెలవులో ఇంట్లో ఉన్నా సరే, పెద్ద బిడ్డకి వారానికి కనీసం 15 గంటలు సీటు హక్కు అన్నారు. అంతకుముందు చాలా చోట్ల అలాంటప్పుడు సీటు పోయేది.

ఇందాక చెప్పిన పాప గుర్తుందా? తమ్ముడు పుట్టిన పాప? ఆ హక్కు అలాంటి పాప కోసమే. ఇంట్లో అమ్మ ఒడి నిండిపోయిన నెలల్లో తన టీచరూ తన మూల తనకి మిగలాలి. మొదటి ప్రశ్న మారితే జరిగేది ఇదీ.

ఇంగ్లండ్ గురించి తక్కువ చెప్తాను. 1998లో డే కేర్‌ని ఆరోగ్య శాఖ నుంచి విద్యాశాఖకి మార్చారు. 2001లో తనిఖీ అంతా బడుల్ని చూసే ఆఫ్‌స్టెడ్‌కి ఇచ్చారు. 2008లో పుట్టుక నుంచి ఐదేళ్ళ దాకా ఒకే పాఠ్యప్రణాళిక. కాగితం మీద చూస్తే అన్నీ కలిశాయి. కానీ సిబ్బంది కలవలేదు. బడికి అనుబంధంగా ఉన్న నర్సరీలో డిగ్రీ ఉన్న టీచరు, ప్రైవేటు డే కేర్‌లో తక్కువ శిక్షణ, తక్కువ జీతంతో ఇంకొకరు. డబ్బు కూడా కలవలేదు. ఒక భాగం ఉచిత గంటల రూపంలో విద్యాశాఖ నుంచి, ఇంకో భాగం పన్ను రాయితీల రూపంలో వేరే దారిలో. బోర్డు మారింది, లోపల రెండు గదులు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అవతలి వాదన. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, మీరూ తీసుకోవద్దు. అమెరికాలో 1965లో హెడ్ స్టార్ట్ మొదలైంది, పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం. అందులో చదువుతో పాటు వైద్య పరీక్షలు, పళ్ళ పరీక్ష, భోజనం, కుటుంబానికి తోడ్పాటు అన్నీ ఉన్నాయి. దాన్ని నడిపించే మండలిలో సగానికి పైగా తల్లిదండ్రులే ఉండాలి. 1970ల చివర్లో అక్కడ కొత్తగా విద్యాశాఖ ఏర్పాటు చేస్తూ హెడ్ స్టార్ట్‌ని కూడా అందులో కలపాలనుకున్నారు. ఎవరు అడ్డుపడ్డారో తెలుసా? పిల్లల కోసం జీవితమంతా పనిచేసినవాళ్ళే. మరియన్ రైట్ ఎడెల్‌మన్ లాంటివాళ్ళు. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ భయం న్యాయమైనది. మా పిల్లల్ని ఏళ్ళ తరబడి వెనక బెంచీకి నెట్టిన బడి వ్యవస్థ చేతిలోనే మళ్ళీ ఈ చిన్నపిల్లల్ని పెడతారా? అందులో తల్లిదండ్రుల మాట ఎవరు వింటారు? పళ్ళ డాక్టరు ఎటు పోతాడు? చివరికి హెడ్ స్టార్ట్ కొత్త శాఖలోకి వెళ్ళలేదు. ఆరోగ్య, మానవ సేవల శాఖలోనే ఉండిపోయింది.

అంటే వాళ్ళు పొరపాటు చేశారా? నేను అలా అనలేను. వాళ్ళు అడిగిన మూడు ప్రశ్నలకీ ఆ రోజు ఎవరి దగ్గరా రాతపూర్వకంగా జవాబు లేదు. నేను అందులో నేర్చుకున్నది ఇదే. విద్యాశాఖలో కలపమని అడిగేటప్పుడు, ఆరోగ్య కార్యకర్త గదిలోకి వచ్చే రోజు, భోజనం, తల్లిదండ్రులకి ఓటు, ఇవన్నీ అదే చట్టంలో ముందే రాయించుకోవాలి. తర్వాత చూద్దాం అన్నది ఏదీ తర్వాత రాదు.

కొన్ని రాష్ట్రాలు మధ్యేమార్గం వెతికాయి. జార్జియా 2004లో, మసాచుసెట్స్ 2005లో, వాషింగ్టన్ రాష్ట్రం 2006లో బడుల శాఖలో కలపకుండా చిన్నపిల్లల కోసమే వేరే శాఖ పెట్టుకున్నాయి. లైసెన్సులు, సబ్సిడీలు, ప్రీస్కూలు ఒకే కప్పు కింద. దాని మంచి దానికుంది, పెద్ద బడుల మధ్య చిన్నపిల్లల సంగతి నలిగిపోదు. కానీ చిన్న శాఖని కదిలించడం తేలిక. వాషింగ్టన్‌లో ఆ శాఖ 2018లో బాలల, కుటుంబాల శాఖలో కలిసిపోయింది. దీనిమీద ఇక్కడ భిన్నాభిప్రాయాలుంటాయని తెలుసు, ప్రశ్నల సమయంలో మాట్లాడుకుందాం.

ఇక అందరి మనసులో ఉన్న భయం. విద్యాశాఖ అనగానే మూడేళ్ళ బిడ్డ చేతిలో పెన్సిలు, ముందు వర్క్‌షీటు, చివర్లో పరీక్ష. ఇది ఊహ కాదు, జరుగుతున్నదే. స్వీడన్‌లో ఆరేళ్ళ పిల్లల కోసం 1998లో ప్రీస్కూలు తరగతి పెట్టినప్పుడు, ప్రీస్కూలు పద్ధతి బడిలోకి పాకుతుందని ఆశపడ్డారు. చాలా చోట్ల బడి పద్ధతే ఇటు పాకింది. కలిసినప్పుడు పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, జాగ్రత్తపడకపోతే.

అందుకే చదువు అంటే ఏమిటో మనమే ముందు చెప్పాలి. నేను చూసిన ఒక చిన్న విషయం చెప్తాను. ఆ అటు గదిలోనే, ఆ ఆయానే. ఏడాదిన్నర బాబుకి చొక్కా మారుస్తోంది. తల దూర్చింది. ‘ఏడీ బాబు? ఇడుగో!’ అంది. తర్వాత చొక్కా చెయ్యి పట్టుకుని ఊరికే ఆగింది. బాబు చేతిని లాగి దూర్చొచ్చు, రెండు క్షణాల పని, ఇంకా తొమ్మిదిమంది ఎదురుచూస్తున్నారు. అయినా ఆగింది. ‘నీ చెయ్యి ఏదీ? ఇందులోంచి బయటికి రావాలి’ అంది. బాబు చొక్కా వంక చూశాడు, ఆవిడ మొహం వంక చూశాడు, మోచెయ్యి వంచాడు, తప్పు వైపు తోశాడు, మళ్ళీ తోశాడు. వేళ్ళు బయటికొచ్చాయి. ఆ వేళ్ళని చూసుకుని వాడు నవ్వాడు. ఆవిడ ఆ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు.

ఇది సంరక్షణా, చదువా? భాష ఉంది, లెక్క ఉంది, శరీరం ఉంది, ప్రయత్నం ఉంది, ఒక మనిషి మీద నమ్మకం ఉంది. గీత ఎక్కడ గీస్తారు? ఏ శాఖ ఖాతాలో రాస్తారు? ఆవిడని ఎవరూ టీచరు అనలేదు. ఆవిడకి ఆ పని నేర్పినవాళ్ళు లేరు, నలుగురిని పెంచి తనంతట తాను నేర్చుకుంది. పక్క గదిలో వాళ్ళకి శిక్షణ తరగతులు జరిగితే ఆవిడ తలుపు దగ్గర నిలబడి వినేది. లోపలికి రమ్మనే అధికారం నాకు లేదు. రెండు శాఖలు కదా.

అందుకే నా పట్టు ఒక్కదాని మీదే. కలపండి. ఒకే లైసెన్సు, ఒకే తనిఖీ, బిడ్డకి ఒకే రికార్డు, అన్నీ కావాలి. కానీ వరసలో మొదట సిబ్బంది. శిక్షణ, హోదా, జీతం. పసిబిడ్డల గదిలో మనిషికీ పెద్దపిల్లల గదిలో మనిషికీ ఒకే మెట్టు. ఇది కష్టం కాబట్టి ప్రతి ప్రభుత్వం చివరికి నెడుతుంది. చివరికి నెట్టినచోట ఏమైందో చూశాం. మూడున్నర దశాబ్దాలు. శాఖల పేర్లు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. జీతం మార్చాలంటే బడ్జెట్ కావాలి. అందుకని బడ్జెట్ లేని ఉత్తర్వుని ఎవరైనా మన ముందు పెడితే, సంతోషపడే ముందు సిబ్బంది పేజీ తెరిచి చూడండి.

ఈ శాఖల్ని కలపడం గురించి మధ్యాహ్నం మనం కూర్చుని చర్చించబోయే ముసాయిదా కాపీలు బయట టేబుల్ మీద ఉన్నాయి. అందులో ‘మూడేళ్ళ లోపు పిల్లల సంరక్షకులు’ అన్న దగ్గర ‘అర్హతలు, వేతనాలు తదుపరి దశలో నిర్ణయించబడును’ అని ఒక్క వాక్యం ఉంది. పదకొండో పేజీ, కింద నుంచి మూడో లైను. భోజనానికి వెళ్ళే ముందు అందరూ ఆ లైను చదవండి. దాని బదులు ఏం రాయాలో తలా ఒక వాక్యం రాసుకుని రండి. పసిపిల్లల గదుల్లో పనిచేసేవాళ్ళు ఇక్కడ పన్నెండుమంది ఉన్నారని చూశాను. ముందు మీ వాక్యాలు వింటాం. దయచేసి ముందు వరసలో కూర్చోండి.